సంక్రాంతి గేమ్‌కి సెన్సార్ ఉంటుందా? స్టోర్‌లో అసలు ఆపేది ఎవరు?

తర్వాత చదివేవాళ్ల కోసం ప్రశ్నను ముందు క్లుప్తంగా చెప్తాను. భీమవరం వైపు నుంచి నలుగురు కలిసి ఒక పీసీ గేమ్ చేస్తున్నారు. సంక్రాంతి మూడు రోజుల కథ. అందులో కోడి పందేల బరి, గుండాట అనే జూదం, కల్లు పాక ఉన్నాయి, చివర్లో రక్తం కనబడే కొట్లాట ఉంది. సినిమాకి ఉన్నట్టు సెన్సార్ సర్టిఫికెట్ కావాలా? 2025లో స్టీమ్ (పీసీ గేమ్‌లు అమ్మే ఆన్‌లైన్ స్టోర్) వందల గేమ్‌లు తీసేసినట్టు మాదీ తీసేస్తారా? ఎందుకొచ్చిన గొడవ, గుండాట తీసేయాలా? ఇవీ మీ సందేహాలు.

సూటిగా జవాబు: సర్టిఫికెట్ అక్కర్లేదు. గుండాట తీయక్కర్లేదు. గుండాటలో పెట్టే నాణేలను మాత్రం అసలు డబ్బుకి అమ్మకండి. 2025లో స్టీమ్ తీసేసినవి దాదాపు అన్నీ అశ్లీల గేమ్‌లు. మీది ఆ లెక్కలోకి రాదు. మీకు ఇబ్బంది అంటూ వస్తే గుండాట కన్నా కోడి పందెం వల్ల వస్తుంది, అదీ స్టీమ్‌లో కాదు, ఐఫోన్‌లో. దాని గురించి కింద రాశాను.

నేను హైదరాబాద్‌లో చిన్న స్టూడియోల గేమ్‌లను స్టోర్లకు ఎక్కించే పని చేస్తాను. ఫారాలు నింపడం, రేటింగులు తెప్పించడం, వెనక్కి పంపితే వాళ్లతో ఉత్తరాలు నడపడం. ఈ పనిలో నాకు అర్థమైంది ఒకటుంది. ప్రభుత్వం మీతో నేరుగా మాట్లాడదు, స్టోర్‌తో మాట్లాడుతుంది. స్టోర్‌కి కొనేవాళ్ల డబ్బు చేరవేసే కంపెనీలు వేరే ఉంటాయి, అవీ స్టోర్‌తోనే మాట్లాడతాయి. ప్రతివాళ్లకీ తమ మీదికి రాకుండా చూసుకోవడమే ముఖ్యం. చట్టం ఒక మూర కత్తిరించమంటే వీళ్లు ఒక గజం కత్తిరిస్తారు. మీ గేమ్ పోతే వాళ్లకి పోయేది ఏమీ లేదు. అందుకే "ఏ చట్టం కింద తీసేశారు?" అని అడిగితే చాలాసార్లు జవాబు ఉండదు. అక్కడ చట్టమే ఉండదు కాబట్టి.

ముందు మన దేశం సంగతి. సినిమాకి సర్టిఫికెట్ 1952 నాటి సినిమాటోగ్రాఫ్ చట్టం కింద వస్తుంది. గేమ్‌లు దాని కిందకి రావు, గేమ్‌ల కోసం వేరే బోర్డూ లేదు. ప్లే స్టోర్‌లో గేమ్ పేరు కింద 12+ అనో 16+ అనో కనిపిస్తుందే, అది మన ప్రభుత్వం వేసిన ముద్ర కాదు. ఐఏఆర్‌సీ అని వివిధ దేశాల రేటింగ్ సంస్థలు కలిసి పెట్టుకున్న కూటమి ఉంది. వాళ్ల ఫారంలో డెవలపర్ ఇచ్చిన జవాబులను బట్టి వచ్చే అంకె అది.

ముందస్తు తనిఖీ లేదంటే చట్టాలే లేవని కాదు. అశ్లీలం అయితే ఐటీ చట్టం సెక్షన్ 67. కావాలని మత విశ్వాసాలను అవమానిస్తే భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 299, పాత 295ఏ అదే. ఇవి అందరికీ తెలుసు. తెలియనిది పటం. నా దగ్గరికి వచ్చిన ఒక టీమ్ క్విజ్ గేమ్‌లో నెట్‌లో ఉచితంగా దొరికిన ప్రపంచ పటం పెట్టారు. అందులో కాశ్మీర్ చుట్టూ చుక్కల గీతలున్నాయి. సర్వే ఆఫ్ ఇండియా పటానికి భిన్నంగా దేశ పటం ప్రచురిస్తే ఆరు నెలల వరకు జైలు శిక్ష వేయొచ్చని 1961 నాటి క్రిమినల్ లా అమెండ్‌మెంట్ చట్టం చెప్తోంది, 1990లో సవరించిన రూపంలో. పాపం ఆ పిల్లలకి అదొక వివాదమనే తెలియదు. మీ గేమ్‌లో స్కూలు గోడ మీదో పంచాయతీ ఆఫీసులోనో ఇండియా మ్యాప్ ఉంటే ఒకసారి చూసుకోండి.

ఇక ప్రభుత్వం నిజంగా ఆపాలనుకుంటే వాడేది ఐటీ చట్టంలోని 69ఏ. పబ్‌జీ మొబైల్‌ని 2020 సెప్టెంబర్ 2న, మొత్తం 118 యాప్‌లతో కలిపి, ఆపింది ఈ సెక్షన్ కిందే. దాని బదులు వచ్చిన బీజీఎంఐ 2022 జూలై 28న ప్లే స్టోర్, యాప్ స్టోర్ రెండింట్లోనూ కనబడకుండా పోయింది. ఆడేవాళ్లకి ముందుగా ఒక్క మాట లేదు. ప్రభుత్వ ఆదేశం వచ్చింది కాబట్టి తీసేశామని గూగుల్ చెప్తేనే బయటికి తెలిసింది. 2009 బ్లాకింగ్ నిబంధనల్లో 16వ నిబంధన ఈ ఆదేశాలను గోప్యంగా ఉంచమంటుంది, కాబట్టి ఆ కాగితం మన కంటపడదు. తిరిగి 2023 మేలో వచ్చినప్పుడు మూడు నెలల ప్రయోగమన్నారు, మైనర్లకి రోజుకి మూడు గంటలే అన్నారు. అయితే ఆ గొడవంతా దేశ భద్రత, డేటా, చైనా సంబంధాల చుట్టూ తిరిగింది. కల్లు పాక, కొట్లాట ఉన్న మీ గేమ్ కోసం ఢిల్లీలో ఎవరూ 69ఏ ఫైలు తెరవరు. ఆ టెన్షన్ పెట్టుకోకండి.

మన దగ్గర ఎక్కువగా పనిచేసేది ఆదేశం కాదు, భయం. 2008లో ఫాల్అవుట్ 3 అనే గేమ్‌ని మైక్రోసాఫ్ట్ భారత్‌లో విడుదల చేయలేదు. ప్రభుత్వం వద్దనలేదు, కోర్టు వద్దనలేదు. సాంస్కృతిక సున్నితత్వం వల్ల అని కంపెనీయే ఒక మాట చెప్పి ఊరుకుంది. ఆ గేమ్‌లో రెండు తలల ఆవుల్లాంటి జంతువులున్నాయి, వాటి పేరు బ్రాహ్మిన్. అదే కారణమని జనం అనుకున్నారు, కంపెనీ అవునూ అనలేదు, కాదూ అనలేదు.

ఇప్పుడు గుండాట. 2025 ఆగస్టులో పార్లమెంటు ఆన్‌లైన్ గేమింగ్ చట్టం తెచ్చింది. 22న రాష్ట్రపతి ఆమోదం వచ్చింది. అంతకుముందే తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో తమ తమ గేమింగ్ చట్టాలను సవరించి, డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ రమ్మీ లాంటివి ఆపేశాయి. రమ్మీ యాప్ తెరిస్తే లొకేషన్ అడిగి, మన రాష్ట్రమని తెలియగానే తలుపు వేసేది గుర్తుందా, అది అందుకే. కేంద్ర చట్టం దాన్ని దేశమంతటికీ చేసింది. నైపుణ్యమా అదృష్టమా అన్న పాత వాదనకి ఇందులో చోటు లేదు. డబ్బు పెట్టి, తిరిగి డబ్బో మరో లాభమో వస్తుందన్న ఆశతో ఆడితే అది మనీ గేమ్. అలాంటిది నడిపితే మూడేళ్ల వరకు జైలు, కోటి రూపాయల వరకు జరిమానా.

మీ గేమ్‌లో ఆటగాడు ఊళ్లో పనులు చేసి సంపాదించిన ఉత్తుత్తి నాణేలతో గుండాట ఆడతాడు. గేమ్ ఒకసారి కొనుక్కుంటే అంతే, మళ్లీ డబ్బు కట్టేది లేదు. ఇది మనీ గేమ్ కాదు. కానీ రేపు ఎవరో ఒకరు "నాణేల ప్యాక్ 49 రూపాయలకి పెడదాం" అంటారు. అక్కడే ఆగండి. డబ్బు పెట్టి కొన్న కాయిన్లు, టోకెన్లు, క్రెడిట్లు కూడా పణం కిందకే వస్తాయని ఆ చట్టం నిర్వచనంలోనే రాసి ఉంది. సరదా గేమే కదా, తిరిగి డబ్బు ఇవ్వడం లేదు కదా అని వాదించవచ్చు. వాదించే ఓపిక, లాయర్‌కి ఇచ్చే ఫీజు మీ దగ్గర ఉన్నాయా? ఈ చట్టం బ్యాంకులకీ పేమెంట్ కంపెనీలకీ కూడా అలాంటి లావాదేవీలు జరపొద్దని చెప్పింది, జరిపితే వాళ్లకీ శిక్షే. కాబట్టి మీ వాదన కోర్టుకి వెళ్లేలోపే పేమెంట్ గేట్‌వే వాళ్లు మీ ఖాతా ఆపేస్తారు. గేమ్‌ల నమోదుకి కూడా ఈ చట్టంలో ఏర్పాటు ఉంది, విడుదల నాటికి అమల్లో ఉన్న నిబంధనలు ఒకసారి చదువుకోండి.

బయటి దేశాలకి వస్తే, గుండాట మీద మనకన్నా వాళ్లే కఠినం. ఆస్ట్రేలియాలో 2024 సెప్టెంబర్ 22 నుంచి జూదాన్ని అనుకరించే గేమ్‌లకి పెద్దల రేటింగ్ అయిన ఆర్18+ వేస్తున్నారు. అసలు డబ్బు లేకపోయినా సరే. యూరప్ రేటింగ్ సంస్థ పెగీ 2020 నుంచి, జూదం ఎలా ఆడాలో నేర్పేలా ఉన్న కొత్త గేమ్‌లకి 18 వేస్తోంది. ఇది ఎంత దూరం పోయిందో చెప్పడానికి బలాట్రో ఉంది. పేకముక్కలతో ఆడేదే కానీ అందులో పందెం లేదు, ఒంటరిగా ఆడుకునే గేమ్. 2024 ఫిబ్రవరిలో వచ్చింది. మార్చి మొదట్లోనే రేటింగ్ 3 నుంచి 18కి మారిపోయి, కొన్ని దేశాల కన్సోల్ (టీవీకి పెట్టి గేమ్‌లు ఆడే యంత్రం) స్టోర్లలోంచి కొన్నాళ్లు మాయమైంది. అప్పీలు మీద 2025 ఫిబ్రవరిలో పెగీ దాన్ని 12కి దించింది. అంటే ఏడాది పాటు ఒక పేకాట బొమ్మల గేమ్ మీద పెద్దల ముద్ర ఉంది! అప్పటికే లక్షల కాపీలు అమ్ముడైన గేమ్ కాబట్టి తట్టుకుంది.

మీకు ఊరట ఏమిటంటే స్టీమ్ పెగీ రేటింగ్ తప్పనిసరి అనదు. కన్సోల్‌కి వెళ్లినప్పుడు ఈ సమస్య వస్తుంది. అప్పుడు ఐఏఆర్‌సీ ఫారంలో జూదం ప్రశ్నకి "ఉంది" అనే రాయండి. 18 వస్తే రానివ్వండి. మీ గేమ్ కొనేది పన్నెండేళ్ల పిల్లలు కాదు కదా.

జర్మనీ మాత్రం స్టీమ్‌లోనే అడ్డం పడుతుంది. అక్కడి బాలల రక్షణ చట్టం మారాక, 2024 నవంబర్ 15 నుంచి వయసు రేటింగ్ లేని గేమ్‌లను స్టీమ్ జర్మనీ వాళ్లకి చూపించడం లేదు. చాలామంది తెలుగు డెవలపర్లు "మా గేమ్ జర్మనీలో బ్యాన్ చేశారు" అని నాకు మెసేజ్ పెడుతుంటారు. బ్యాన్ కాదు నాయనా, స్టీమ్ లోపలే ఉన్న కంటెంట్ ప్రశ్నావళి మీరు నింపలేదు. అది నింపితే రేటింగ్ దానంతట అదే వస్తుంది, రుసుము కూడా లేదు. ఫ్రాంక్‌ఫర్ట్‌లోనో మ్యూనిక్‌లోనో ఉద్యోగం చేసే మనవాళ్లే సంక్రాంతి గేమ్‌కి మొదటి కొనుగోలుదారులు, వాళ్లని చేజేతులా పోగొట్టుకోకండి. జర్మనీలో ఇంకో చిక్కు స్వస్తిక్. నాజీ చిహ్నాల ప్రదర్శన అక్కడి శిక్షాస్మృతి 86ఏ కింద నేరం. గేమ్‌లకి కళగా మినహాయింపు ఇచ్చి, ఒక్కొక్కటిగా చూడటం 2018 ఆగస్టులోనే మొదలైంది. మీ గడప మీద, ముగ్గులో స్వస్తిక్ ఉంటే తీయమని నేననను, అది మన శుభ చిహ్నం. సమీక్షకులకి రాసే నోట్‌లో "ఇది హిందూ సంప్రదాయ చిహ్నం, పండగ ఇంటి అలంకరణ" అని ఒక వాక్యం రాస్తే చాలు.

ఒక్కోసారి గేమ్‌లో ఏముందన్న దానితో సంబంధమే ఉండదు. 2022 జూలై 30న ఇండోనేషియా మొత్తం స్టీమ్‌నే ఆపేసింది, ప్రభుత్వం దగ్గర పేరు నమోదు చేసుకోలేదని. నాలుగు రోజుల్లో నమోదు అయింది, మళ్లీ తెరిచారు.

ఇక మీకు నిద్ర పట్టనివ్వని 2025 వ్యవహారం. ఏప్రిల్‌లో నో మెర్సీ అనే గేమ్, లైంగిక హింస నిండినది, స్టీమ్‌లోకి వచ్చి గగ్గోలు పుట్టించింది. దాన్ని తీసేశారు. ఆ తర్వాత ఆస్ట్రేలియాకి చెందిన కలెక్టివ్ షౌట్ అనే సంస్థ స్టోర్ల మీద కాకుండా నేరుగా కార్డు, పేమెంట్ కంపెనీల మీద ఒత్తిడి తెచ్చింది. జూలైలో స్టీమ్ తన నిషేధాల జాబితాలో కొత్త వాక్యం చేర్చింది. పేమెంట్ సంస్థలు, కార్డు నెట్‌వర్కులు, బ్యాంకుల నిబంధనలకి విరుద్ధం కాగల కంటెంట్ ఉండకూడదని దాని సారాంశం. చిన్న టీమ్‌ల గేమ్‌లు అమ్మే ఇచ్ డాట్ ఐఓ అనే స్టోర్ ఇంకా కంగారుపడి, జూలై 24న పెద్దల గేమ్‌లన్నిటినీ వెతుకులాటలో కనబడకుండా చేసింది. వాటిలో లైంగిక హింసతో ఏ సంబంధమూ లేనివి ఎన్నో. ఆగస్టు 1న మాస్టర్‌కార్డ్, మేం ఏ గేమ్‌నీ పరిశీలించలేదు, ఏదీ తీసేయమనలేదు అంది. స్టీమ్ నడిపే వాల్వ్ కంపెనీ దానికి, మాస్టర్‌కార్డ్ మాతో నేరుగా మాట్లాడలేదు నిజమే, మధ్యలో ఉన్న పేమెంట్ ప్రాసెసర్లు మాస్టర్‌కార్డ్ నిబంధనను చూపించే అడిగారు అని జవాబిచ్చింది.

ఇంతమంది చేతులు మారిన ఈ వ్యవహారంలో ప్రభుత్వం ఎక్కడైనా ఉందా? లేదు. చట్టమైతే కోర్టుకి వెళ్లొచ్చు, శ్రేయా సింఘాల్ తీర్పులో సుప్రీంకోర్టు 2015లో ఆన్‌లైన్ పోస్టులకి శిక్ష వేసే ఐటీ చట్టం 66ఏ కొట్టేసినట్టు కొట్టేయించొచ్చు. కార్డు కంపెనీ నిబంధన మీద ఎవరి దగ్గరికి వెళ్తారు? నో మెర్సీ లాంటిది పోతే నాకు బాధ లేదు. దాంతోపాటు ఏవి పోయాయో, ఎందుకు పోయాయో చెప్పేవాడు లేకపోవడమే నాకు నచ్చనిది.

మీ గేమ్‌కి దీనివల్ల ప్రమాదం దాదాపు లేదు, రికార్డింగ్ డాన్స్ సీన్ లాంటిది పెట్టి అందులో నగ్నత్వం చూపిస్తే తప్ప. జాతర, సంక్రాంతి అనగానే ఎవరో ఒకరికి ఆ ఆలోచన వస్తుంది కాబట్టి చెప్తున్నాను. పెడితే పెట్టండి, ఫారంలో రాయండి. ఆ పాత్రలు పద్దెనిమిదేళ్లు దాటినవాళ్లుగా కనబడాలి, ఇందులో ఏ స్టోరూ సందేహానికి చోటివ్వదు.

కోడి పందెం సంగతి చెప్తానన్నాను. ఆపిల్ యాప్ స్టోర్ నిబంధన 1.1.2 ప్రకారం మనుషులనో జంతువులనో చంపడం, గాయపరచడం, హింసించడం నిజమనిపించేలా చూపితే అభ్యంతరకరం. కాలికి కత్తి కట్టి, బరిలో దించి, రక్తం చిమ్మించి, అదీ నిజమనిపించే త్రీడీలో చేస్తే ఐఫోన్ వెర్షన్ వెనక్కి రావడానికి అన్ని అవకాశాలూ ఉన్నాయి. స్టీమ్‌లో అలాంటి ప్రత్యేక నియమం లేదు. ఫోన్‌కి తేవాలన్న ఆలోచన ఉంటే పందెం సీన్‌కి రెండో రూపం ఇప్పుడే చేసుకోండి. గుంపు మొహాలు, ఈలలు, ఎగిరే ఈకలు, పక్కన పందెం కాసేవాడి కంగారు చూపిస్తే చాలు. నన్నడిగితే అదే మంచి సీన్ కూడా. బరి దగ్గర సగం మందికి కోళ్లు కనబడవు, ముందువాడి వీపే కనబడుతుంది.

స్టీమ్ పద్ధతి క్లుప్తంగా. ఒక్కో గేమ్‌కి 100 డాలర్లు కట్టాలి, కట్టాక 30 రోజులు ఆగాలి. స్టోర్ పేజీ "త్వరలో" అని కనీసం రెండు వారాలు ఉండాలి. పేజీని ఒకసారి, గేమ్‌ని ఒకసారి మనుషులే చూస్తారు, మామూలుగా మూడు నుంచి అయిదు పనిదినాలు. అందుకని జనవరిలో భోగికి విడుదల అనుకుని డిసెంబర్ చివర్లో కూర్చోకండి. అక్కడ క్రిస్మస్ సెలవులు. నవంబర్ మొదటికల్లా గేమ్ వాళ్ల ముందుండాలి.

ఆ సమీక్షలో ఫారంలో రాసినదీ గేమ్‌లో ఉన్నదీ ఒకటేనా అన్నది చాలా ముఖ్యం. స్టీమ్ 2018 జూన్‌లోనే చెప్పింది, చట్టవిరుద్ధమైనవి, కేవలం రెచ్చగొట్టడానికి చేసినవి తప్ప అన్నీ రానిస్తామని. తర్వాత ఆ తలుపు కొంత మూసుకున్నా, దాపరికం లేని గేమ్‌కి ఇప్పటికీ వాళ్లు ఉదారంగానే ఉంటారు. ఒక టీమ్ గ్రామ దేవత హారర్ గేమ్‌లో బలి సీన్ ఉందని ఫారంలో రాయలేదు, రాస్తే ఆపేస్తారని భయం. సమీక్షలో అది బయటపడి వెనక్కి వచ్చింది. రెండు వాక్యాలు చేర్చి మళ్లీ పంపితే ఒక్క ఫ్రేము మార్చకుండానే దాటింది. ఆ టీమ్ విడుదల తేదీ మాత్రం పోయింది.

అయినా ఒక్కోసారి సరిగా వివరించకుండానే వద్దంటారు. ఇటలీ స్టూడియో శాంటా రగియోన్ చేసిన హార్సెస్ అనే గేమ్‌ని స్టీమ్ 2023లో తిరస్కరించింది, మళ్లీ పంపే వీలు కూడా ఇవ్వలేదని స్టూడియో చెప్పింది. 2025 డిసెంబర్ 2న విడుదల, ముందురోజు ఎపిక్ స్టోర్ కూడా కాదంది. జీఓజీ అనే మరో స్టోర్ మాత్రం అమ్మింది, బాగానే అమ్ముడైంది. అదే జీఓజీ 2020 డిసెంబర్ 16న తైవాన్ గేమ్ డివోషన్‌ని అమ్ముతామని ప్రకటించి, గేమర్ల నుంచి చాలా సందేశాలు వచ్చాయంటూ ఆ రోజే వెనక్కి తగ్గింది. చైనా అధ్యక్షుడిని ఎగతాళి చేసే ఒక చిన్న బొమ్మ ఆ గేమ్ గోడ మీద దొరికింది, అందుకే 2019లో స్టీమ్ నుంచి కూడా పోయింది. చివరికి 2021 మార్చిలో ఆ స్టూడియో సొంత సైట్‌లో పెట్టి అమ్ముకుంది. ఒకచోట అంటరానిది ఇంకోచోట బెస్ట్ సెల్లర్. కాబట్టి స్టీమ్‌తో పాటు ఇచ్‌లో ఒక పేజీ తెరిచి ఉంచండి, స్టీమ్ లేకపోయినా నడిచే ఒక బిల్డ్ (గేమ్ కాపీ) పక్కన పెట్టుకోండి. ఆ బిల్డ్ తిరస్కరణ వచ్చాక చేద్దామంటే నెల పడుతుంది, ఇప్పుడైతే ఒక సాయంత్రం పని.

తిరస్కరణ మెయిల్ వస్తే ఆ రాత్రే ట్విట్టర్‌లో పోస్టు పెట్టకండి. ముందు స్టీమ్ సపోర్ట్ టికెట్‌లో మూడే అడగండి: ఏ సీన్, ఏ నిబంధన, మార్చి పంపితే మళ్లీ చూస్తారా. సీన్ వీడియో, సంక్రాంతి గురించి ఒక పేరా జత చేయండి. అవతల చదివేవాడు సియాటెల్ దగ్గర కూర్చున్న మనిషి, గుండాట ఏమిటో వాడికి తెలియదు. దాన్ని క్యాసినో యాప్ అనుకునే ప్రమాదం ఉంది, అందుకే "అసలు డబ్బు లేదు, నాణేలు కొనడానికి వీల్లేదు" అన్న వాక్యం ఆ పేరాలో మొదటిదిగా ఉండాలి.